బొంతలో దొరికిన పచ్చరంగు: 1945 నాటి మద్రాస్ సాపర్ బొమ్మకి యూనిఫాం ఎలా వేశానంటే

పోయినేడాది జనవరిలో పార్వతీపురం నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు ఫోన్ చేశారు. వాళ్ల నాన్నగారు మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలో వంతెనలు, రేవుల పనులు చూసే ఇంజనీర్ల దళంలో, నాయక్ అనే చిన్న హోదాలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి తిరిగొచ్చిన మనిషి. ఇంట్లో ఒక ఫోటో ఉంది, డిశ్చార్జి కాగితాలు ఉన్నాయి, వాటిని బట్టి ఒక బొమ్మ చేసిపెట్టమని అడిగారు. "ముఖం అచ్చు గుద్దినట్టు రాకపోయినా ఫర్వాలేదు బాబూ, బట్టలు మాత్రం ఆయన వేసుకున్నవే అవ్వాలి" అన్నారు. ఆ ఒక్క మాట మీద ఆగస్టు దాకా పనిచేశాను. ఎక్కడ తప్పు చేశానో, ఎలా సరిదిద్దానో మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే మన భాషలో ఈ పని గురించి రాసినవి చాలా తక్కువ. మన సైనికుల బొమ్మలు వేసేవాళ్లు ఇంకా తక్కువ.

ముందు సైజు సంగతి. 1/35 స్కేల్‌లో (అసలు సైజులో 35వ వంతు) మనిషి 5 సెంటీమీటర్లు కూడా ఉండడు, అంత చిన్నదాంట్లో బట్ట కథ చెప్పడానికి చోటు చాలదని 1/16 తీసుకున్నాను. 170 సెంటీమీటర్ల మనిషి ఇందులో దాదాపు 106 మిల్లీమీటర్లు వస్తాడు. చొక్కా గుండీ ఒక మిల్లీమీటరు కంటే కొంచెం పెద్దది. ఈ బొమ్మని 40 సెంటీమీటర్ల దూరం నుంచి చూడటం అంటే అసలు మనిషిని ఆరు మీటర్ల పైచిలుకు దూరం నుంచి చూసినట్టు. ఈ లెక్క మొదటే వేసుకోవాలి, రంగు ఎంత ముదురుగా ఉండాలి, కుట్లు కనపడాలా వద్దా అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఆరు మీటర్ల దూరంలో నేత పోగులు కనపడవు. ముడతలు, చెమట మరకలు, వెలిసిన భుజాలు బాగా కనపడతాయి.

బొమ్మ రెజిన్‌ది, బ్రిటిష్ సైనికుడి కోసం చేసినది. తల మార్చాను, టోపీ అంచుని ఎం-సీల్‌తో కొత్తగా మలిచాను, చీలమండల దగ్గర పొట్టి పట్టీలు చుట్టాను. ఈ భాగం రెండు వారాల్లో అయిపోయింది, చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు.

అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. మాస్టారి ఇంట్లో హాల్లో పెద్ద ఫోటో ఉంది, పాత నలుపు తెలుపు ఫోటోని ఎప్పుడో స్టూడియోలో పెద్దది చేయించి, పైన చేత్తో రంగులు వేయించినది. అందులో బట్టలు ఖాకీ. ఇంట్లో అందరికీ ఆయన ఖాకీ మనిషే. కానీ కాగితాల్లో బర్మా సర్వీసు 1944, 45 అని ఉంది, 7వ ఇండియన్ డివిజన్ పేరు కూడా ఉంది. 1942లో బర్మా నుంచి వెనక్కి వచ్చిన సైన్యం ఖాకీలోనే పోరాడింది. అడవిలో ఆ రంగు ఎత్తి చూపించినట్టు ఉంటోందని తర్వాత ఖాకీ బట్టలకే పచ్చ అద్దకం వేశారు, ఆపైన జంగిల్ గ్రీన్ అనే యూనిఫాం వచ్చింది. 1944లో కోహిమా, ఇంఫాల్ దగ్గర జపాన్ సైన్యాన్ని అడ్డుకుని ఆపేనాటికి జనరల్ స్లిమ్ 14వ ఆర్మీలో ఎక్కువమంది ఒంటి మీద ఉన్నది అదే. ఫోటో మాత్రం బెంగళూరు స్టూడియోలో, బర్మా వెళ్లకముందు తీసింది. అంటే ఫోటోలో ఖాకీ నిజమే, బర్మాలో పచ్చ కూడా నిజమే. ఏ రోజు మనిషిని నిలబెట్టాలి అన్నది మాస్టారు తేల్చాలి.

ఆయన బర్మా అన్నారు. "నది దాటిన కథే ఎప్పుడూ చెప్పేవారు" అన్నారు. 1945 ఫిబ్రవరి 14న 7వ డివిజన్ పగాన్‌కి దగ్గర్లో న్యాంగ్‌ఊ దగ్గర ఇరావడీ నది దాటడం మొదలుపెట్టింది. పడవలు, తెప్పలు, రేవు పనులు అన్నీ సాపర్ల చేతుల మీద జరిగేవి. సరే, ఫిబ్రవరి 1945, ఇరావడీ ఒడ్డు. ఇక్కడితో సగం నిర్ణయాలు వాటంతటవే జరిగిపోయాయి.

మిగతా సగం మాస్టారి అక్కగారి దగ్గర దొరికింది. ఆవిడకి ఎనభై దాటాయి. నేను ఇంటికి వెళ్లినప్పుడు మా మాటలు విని, "నాన్న మిలట్రీ చొక్కా అమ్మ బొంతలో వేసి కుట్టేసింది గదా, అది నా దగ్గరే ఉంది" అన్నారు. తెప్పించారు. చీర ముక్కల మధ్య, అరచేతి కంటే కొంచెం పెద్దగా, జేబు మూతతో సహా ఒక గుడ్డ. పైకి చూస్తే పచ్చ అని కూడా అనిపించలేదు, బూడిద కలిసిన పాచి రంగు. కుట్టు విప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే కత్తెర తెచ్చి జేబు మూత అంచున ఒక అంగుళం విప్పారు. లోపల మడతలో ఉన్న గుడ్డ ముదురు ఆకుపచ్చ, దాదాపు మామిడాకు వెనక నీడ పడ్డప్పటి రంగు. ఒకే గుడ్డ, ఒకే అంగుళంలో రెండు రంగులు. నేను అప్పటిదాకా డబ్బా మీద ఏ నంబరు సరిపోతుందా అని వెతుకుతూ ఉన్నాను, కానీ నేను వేయాల్సింది ఒక రంగు కాదని, ఆ మడత లోపలి నుంచి పైకి వచ్చే దారి మొత్తం వేయాలని అక్కడే అర్థమైంది. రెండిటినీ పగటి వెలుతురులో పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటోలు తీసుకున్నాను, అక్కడే కూర్చుని నాలుగు రంగులు కలిపి కార్డు మీద చుక్కలు పెట్టుకున్నాను. ఫోన్ ఫోటో కంటే ఆ చుక్కలే నాకు పనికొచ్చాయి.

బొంత చాలా ఏళ్లు వాడింది కాబట్టి ఆ వెలిసిపోవడం అంతా బర్మాలో జరిగింది కాదు. ఆరు నెలలు తొడిగిన చొక్కా ఎంత వెలుస్తుంది? దీనికోసం ఒక పరీక్ష పెట్టుకున్నాను. ముతక నూలు గుడ్డ కొని, పచ్చ రంగు అద్ది, చిన్న చిన్న చొక్కా చేతుల్లా కుట్టించాను. ఒకటి పెట్టెలో దాచాను. ఒకటి రోజూ సబ్బు పెట్టి రాయి మీద ఉతికి నీడలో ఆరేశాను. ఒకటి ఉతక్కుండా విశాఖ ఏప్రిల్ ఎండలో మేడ మీద వదిలేశాను. నాలుగోది ఉతికి ఎండలోనే ఆరేశాను. నలభై రోజులు. ఎండ మాత్రమే తిన్న గుడ్డ పై భాగం సమానంగా పాలిపోయింది. ఉతుకు మాత్రమే తిన్నది ముడతల శిఖరాల మీద, కుట్ల గట్ల మీద, అంచుల మీద తెల్లబారింది, మధ్యలో రంగు నిలిచింది. రెండూ తిన్నది చూస్తే బొంత గుడ్డకి తమ్ముడిలా ఉంది. యూనిఫాం వేసేవాళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం. అన్ని ముడతలకీ ఒకేలా లైట్ రంగు రాసేస్తే అది వెలుతురు అవుతుంది గానీ వాడిన బట్ట అవ్వదు.

ఇంత కష్టం వద్దనుకుంటే ఆటో స్టాండ్ దగ్గర పది నిమిషాలు నిలబడండి. పాతబడ్డ ఖాకీ చొక్కాని గమనించండి. భుజాలు, వీపు పై భాగం వెలిసి ఉంటాయి, కాలర్ కింద, చంక దగ్గర, జేబు మూత కింద అసలు రంగు ఉంటుంది. కొత్త ప్యాంటు మీద పాత చొక్కా వేసుకున్నవాళ్లు ఉంటారు. జంగిల్ గ్రీన్ కూడా అంతే, ఒక్కో అద్దకం ఒక్కోలా, చొక్కా ఒక పచ్చ, ప్యాంటు ఇంకో పచ్చ. అందుకే నేను ప్యాంటుని చొక్కా కంటే ఒక మెట్టు ముదురుగా, కొంచెం గోధుమ వైపు తిప్పి వేశాను.

మొదటి ప్రయత్నం పాడైంది. మేలో వేశాను. బొంత లోపలి మడత రంగునే బేస్‌గా తీసుకున్నాను, దాని మీద తెలుపు కలుపుకుంటూ హైలైట్లు పెట్టాను. చిన్న బొమ్మ మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనపడుతుంది, అదొకటి. తెలుపు కలిపిన పచ్చ పుదీనా చట్నీలా తయారవుతుంది, అదొకటి. నీడలకి నలుపు కలిపాను, దాంతో ముడతలు బొగ్గు గీతల్లా వచ్చాయి. మూడు రాత్రుల పని. బొమ్మని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తే ప్లాస్టిక్ బొమ్మే కనపడింది, అందులో మనిషి లేడు. మొత్తం కడిగేశాను.

రెండోసారి ఇలా వేశాను. బూడిద రంగు ప్రైమర్ కొట్టి, పైనుంచి 45 డిగ్రీల కోణంలో పలచగా తెల్ల ప్రైమర్ చిలకరించాను, దీనివల్ల వెలుతురు ఎక్కడ పడుతుందో బొమ్మే చెబుతుంది. బేస్‌కి వాలెహో కంపెనీ రంగు గ్రీన్ గ్రే 70.886 (ఇది డబ్బా నంబరు) రెండు పాళ్లు, రిఫ్లెక్టివ్ గ్రీన్ 70.890 ఒక పాలు. నీళ్లు బాగా కలిపి మూడు పలచని పూతలు, ఒక్కోటీ పూర్తిగా ఆరాకే తర్వాతది. నీడలకి రిఫ్లెక్టివ్ గ్రీన్‌లో చిటికెడు బ్లాక్ గ్రీన్ 70.980, మరీ లోతైన చోట్ల కొంచెం బర్న్‌ట్ అంబర్. హైలైట్లకి తెలుపు ముట్టుకోలేదు, ఇరాకీ శాండ్ 70.819 కలిపాను. ఇసుక రంగు కలిపితే పచ్చ పాలిపోతుంది గానీ మెరవదు, బొంత గుడ్డ పైభాగం అచ్చం అలాగే ఉంది. రంగు ఆరిపోకుండా ఉండటానికి స్టీలు టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్. మా వేసవిలో ఇది లేకపోతే పలచని పూతల మాటే మర్చిపోవాలి.

ఆ తర్వాత వెలిసిన చోట్లు. ఇక్కడ తొందరపడకూడదు. నీళ్లలో ఇసుక పచ్చని బాగా పలచగా, టీ నీళ్లంత పలచగా చేసి, భుజాల మీద, వీపు పై భాగంలో, మోకాళ్ల మీద పూత మీద పూత, ఎనిమిది పది సార్లు. ఇది ఎండ పని. ఉతుకు పనికి వేరే బ్రష్. సన్నటి మొనతో కుట్టు గట్లు, జేబు మూత అంచులు, కాలర్ మడత మాత్రమే తాకాను. కుట్టుకి పక్కనే ఒక ముదురు గీత, గట్టు మీద లేత చుక్కలు. ఒకదానికొకటి ఆనుకుని ఉంటే కన్ను దాన్ని కుట్టుగా చదువుకుంటుంది, గీత నిరంతరంగా లాగితే మాత్రం కార్టూన్ అవుతుంది.

చెమట గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలా మంచి బొమ్మల్లో కూడా ఇది ఉండదు. తెప్పలు లాగి, పలకలు మోసిన మనిషి చొక్కా పొడిగా ఎలా ఉంటుంది? తడిసిన జంగిల్ గ్రీన్ దాదాపు నల్లటి పచ్చ అవుతుంది. వీపు మధ్యలో, చంకల్లో, భుజం పట్టీల కింద నీడ రంగునే పలచగా వేశాను, అంచులు మెత్తగా కలిపేశాను. ఆరిన చెమట వేరు, దాని అంచున ఉప్పు గీత వస్తుంది. ఊళ్లో వరి మోపులు మోసేవాళ్ల చొక్కాల మీద చూసే ఉంటారు, మ్యాపులో సముద్రతీరంలా వంకరగా తెల్లటి చార. ఇసుక రంగులో చాలా కొంచెం ఐవరీ కలిపి, ఆ చారని తెంపుతెంపుగా గీసి, వెంటనే తడి బ్రష్‌తో ఒక వైపు చెరిపాను. రెండు చారలే పెట్టాను. మూడోది పెడితే ఎక్కువైపోయింది, తీసేశాను.

పట్టీలు, సంచులు 1937 ప్యాటర్న్ వెబ్బింగ్, మందపాటి నూలు నేత. చొక్కా పచ్చకీ దీనికీ తేడా ఉండాలి. ఖాకీ గ్రే 70.880లో బేస్ పచ్చ ఒక చుక్క వేసి మొదలుపెట్టి, అంచుల్లో పీచు లేచినట్టు లేత గీతలు చిన్నచిన్నగా పెట్టాను. ఇత్తడి బకిల్స్‌ని బంగారంలా మెరిపించొద్దు. యుద్ధంలో ఎవరూ వాటిని తోమరు, మెరిస్తే ప్రాణానికే ముప్పు. గోధుమ రంగు వేసి మూల మీద ఒక్క చుక్క ఇత్తడి చాలు. ఫెల్ట్ టోపీకి అరిగిపోయిన బ్రష్‌తో పొడుస్తూ రంగు వేశాను, గీతలు లాగితే అది నూలు గుడ్డ అయిపోతుంది. బూట్లకి బ్లాక్ గ్రే 70.862, ముక్కుల దగ్గర తోలు గోధుమ తొంగిచూస్తుంది. చేతి మీద నాయక్ గుర్తు రెండు వి గీతలు, అవి కూడా వెలిసినట్టే వేశాను, చొక్కా వెలిసి గుర్తు మాత్రం కొత్తగా ఉండదు కదా.

ఒంటి రంగు. డబ్బా మీద ఫ్లెష్ అని రాసి ఉండేది మన ఒంటి రంగు కాదు, దాన్ని ముదురు చేస్తే మనవాడు అవ్వడు, ఎండకి కాలిన ఇంగ్లీషువాడు అవుతాడు. ఫ్లాట్ బ్రౌన్ 70.984తో మొదలుపెట్టి, పసుపు ఓకర్, కొంచెం ఎరుపు కలుపుకుంటూ పైకి రావాలి, నీడలకి బర్న్‌ట్ అంబర్‌లో కాస్త వయొలెట్. పై వెలుతురుకి తెలుపు వద్దు, నారింజ కలిసిన బీజ్ వాడండి, లేకపోతే ముఖం మీద బూడిద పూసినట్టు ఉంటుంది. బర్మాలో మలేరియాకి మెపాక్రిన్ మాత్రలు రోజూ మింగించేవారు, వాటివల్ల ఒళ్లు పసుపు తిరిగేది. అందుకని చెంపల మీద, అరచేతుల్లో ఒక్క పలచని పసుపు పూత వేశాను. ఇది మాస్టారికి చెప్పగానే "అమ్మ చెప్పేది, తిరిగొచ్చినప్పుడు పచ్చకామెర్లు అనుకున్నామని" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది.

నేల విషయంలో ఇంకో తప్పు జరగబోయి తప్పింది. బర్మా అనగానే బురద, వెదురు, దట్టమైన అడవి అనుకుని, బూట్లకి ఎర్ర బురద రాయడానికి రంగు కూడా కలుపుకున్నాను. కానీ ఫిబ్రవరిలో ఇరావడీ ఒడ్డు, మధ్య బర్మా అంటే వాన తక్కువ పడే మెట్ట ప్రాంతం. లేత దుమ్ము, ఎండుగడ్డి, తాటిచెట్లు. అడవి కోసం తయారుచేసిన పచ్చ చొక్కా వేసుకుని ఆ మనిషి మన శ్రీకాకుళం మెట్ట భూమి లాంటి చోట నిలబడ్డాడన్నమాట. బురద మొత్తం పక్కన పెట్టి, బఫ్ రంగు పిగ్మెంట్ పొడిని మోకాళ్ల కిందికి, పట్టీల మడతల్లోకి, బూట్ల మీద పొడి బ్రష్‌తో అద్దాను. పక్కన తాటి మొద్దు ఒకటి పెట్టాను.

జులైలో రెండో పెద్ద దెబ్బ తగిలింది. మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టాను. బయట ముసురు, గాల్లో చెమ్మ, అయినా ఆగలేకపోయాను. పావుగంటలో బొమ్మ మొత్తం మీద తెల్లటి మంచు పొర పేరుకుంది. ఆరు నెలల పని కదా, చేతులు వణికాయి. రుద్దొద్దు, కడగొద్దు, ఆ రోజు ముట్టుకోవద్దు. రెండు రోజులు ఏసీ గదిలో పెట్టి, బ్రష్‌తో పలచగా గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేశాను. తెలుపు చాలావరకు కరిగి రంగులు తిరిగొచ్చాయి. తర్వాత ఎండ కాసిన రోజు చూసి బ్రష్‌తో వేసే మ్యాట్ వార్నిష్ వేశాను. చొక్కా వీపు మీద చిన్న మచ్చ మిగిలిపోతే దాన్ని ఉప్పు చారలో కలిపేశాను. మన కోస్తాలో వానాకాలం స్ప్రే వార్నిష్ జోలికి పోకండి.

మాస్టారికి ఒక కోరిక ఉండేది, ఛాతీ మీద బర్మా స్టార్ రిబ్బన్ పెట్టమని. ఆ పతకాన్ని 1945 మేలో ప్రకటించారు, నది దాటింది ఫిబ్రవరిలో. పెడితే అబద్ధం అవుతుంది. ఆయనకి ఇది చెప్పడానికి వారం పట్టింది నాకు. చివరికి రిబ్బన్‌ని, మధ్యలో ఎరుపు, రెండు వైపులా ముదురు నీలం, ఆ నీలాల నడుమ సన్నటి నారింజ గీతలు, చెక్క పీఠం ముందు వేరే పలక మీద వేశాను. ఆయన చూసి "ఇక్కడే బాగుంది" అన్నారు.

ఆగస్టులో బొమ్మ పట్టుకెళ్లాను. అక్కగారు బొంత తెచ్చి పక్కన పెట్టారు. సాయంత్రం వేళ, హాల్లో పసుపు వెలుతురు ఎల్ఈడీ బల్బు. ఆ వెలుతురులో నా పచ్చ మొత్తం గోధుమ రంగులోకి తిరిగిపోయి, మళ్లీ ఖాకీలానే కనపడింది. బొంత గుడ్డ కొంచెం పచ్చగానే ఉంది, బొమ్మ లేదు. నేను రాత్రుళ్లు తెల్ల లైటు కింద పనిచేశాను, బొమ్మ ఉండబోయే గది వెలుతురు ఎలాంటిదో అడగాలన్న ఆలోచనే రాలేదు. అందరం వరండాలోకి వచ్చి ఇంకా మిగిలిన పగటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అప్పుడు కలిశాయి. అక్కగారు విప్పిన కుట్టు అంచుని, బొమ్మ జేబు మూత కింద నీడని మార్చి మార్చి చూశారు, ఏమీ అనలేదు. మాస్టారి మనవడు బజారుకెళ్లి తెల్ల బల్బు తెచ్చాడు, స్టూలెక్కి నేనే మార్చాను.